ప్యానెల్ తలుపు తెరిచే ముందు: ఎల్‌టీ (లో వోల్టేజీ) ఎలక్ట్రీషియన్ అనుమతి ఎలా పొందాలి, ఎలా వాడుకోవాలి

మిర్యాలగూడ మిల్లుల్లో ధాన్యం సీజను మొదలైతే ఎలక్ట్రీషియనుకు రాత్రికీ పగలుకీ తేడా ఉండదు. గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ఎలివేటర్ మోటారు ట్రిప్పవుతుంది. మేనేజరు ఫోను చేసి "ఒక్కసారి వచ్చి చూడు" అంటాడు. మీరు టార్చిలైటు, టెస్టరు పట్టుకుని ప్యానెల్ ముందు నిలబడతారు. ఆ తలుపు తెరిచే అధికారం మీకు ఎవరిచ్చారు? "పదేళ్లుగా నేనే చూస్తున్నాను" అని చాలామంది చెప్తారు. అది అనుభవం. అనుమతి వేరు.

మిల్లు, జిన్నింగ్ ఫ్యాక్టరీ, జడ్చర్ల, కొత్తూరు వైపు పరిశ్రమలు, ఆసుపత్రి, కాలేజీ హాస్టల్ వంటి చోట్ల మెయింటెనెన్స్ చేసే ఎలక్ట్రీషియన్ల కోసం ఇది రాస్తున్నాను. అనుమతి కాగితం ఎలా తెచ్చుకోవాలో ఇందులో చెప్తాను. దానికంటే ఎక్కువగా, ఆ కాగితం చేతిలో ఉన్నాక పని ఎలా చేయాలో చెప్తాను.

ముందు "లో వోల్టేజీ" అనే మాట సంగతి. అంతర్జాతీయ ప్రమాణాల్లో 1000 వోల్టుల ఏసీ వరకు లో వోల్టేజీయే. మన పని 230, 415 వోల్టుల మధ్య సాగుతుంది. "లో" అన్న మాట విని ధీమా పడకండి. చెమటతో తడిసిన శరీరం నిరోధం సుమారు 1000 ఓములు అనుకుంటే, 230 వోల్టులకు 230 మిల్లీ ఆంపియర్లు ఒంట్లో పారతాయి. పది మిల్లీ ఆంపియర్ల దగ్గరే చేతి కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న తీగను వదలలేని స్థితి వస్తుంది. అది గుండె లయ తప్పే దాకా పెరగకూడదనే, మనిషిని కాపాడటానికి పెట్టే ఆర్‌సీసీబీని (కరెంటు లీకైతే సరఫరా తెంచే స్విచ్) 30 మిల్లీ ఆంపియర్లకే ట్రిప్పయ్యేలా చేస్తారు. వేసవిలో నల్లగొండ ఎండ 44, 45 డిగ్రీలకు చేరినప్పుడు, రేకుల షెడ్డు కింద పనిచేసే మనిషి చర్మం పొడిగా ఉండే ప్రశ్నే లేదు.

షాక్ ఒక్కటే ప్రమాదం కాదు. మీ మిల్లుకు 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే, దాని ఇంపిడెన్స్ 4.5 శాతం అనుకుంటే, మెయిన్ బస్‌బార్ (ప్యానెల్‌లో కరెంటు పంచే లోహపు పట్టీ) మీద షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు దాదాపు 15 వేల ఆంపియర్లు వస్తాయి. చేతిలోంచి జారిన స్పానరు అక్కడ కరిగి ఆవిరవుతుంది. ఆ మంట ముఖం మీదికి రావడానికి సెకనులో చిన్న భాగం చాలు.

మూడు కాగితాలు, మూడు అర్థాలు

ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడు పాసైన సర్టిఫికెట్ మీరు చదువుకున్నారని చెప్తుంది. రాష్ట్ర ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వైర్‌మన్ పర్మిట్, లేదా ఆ పైది సూపర్‌వైజర్ పర్మిట్, విద్యుత్ పని చేయడానికి ప్రభుత్వం మిమ్మల్ని అర్హులుగా గుర్తించిందని చెప్తుంది. ఈ రెండింటిలో ఏదీ "ఈ మిల్లులో, ఈ ప్యానెల్ మీద, ఈ పని చేయవచ్చు" అని చెప్పదు. ఆ మాట చెప్పాల్సింది యజమాని.

ఇది నా సొంత అభిప్రాయం కాదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు 2010లో వచ్చాయి, వాటి స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. విద్యుత్ లైన్ల మీద, పరికరాల మీద పనిచేసేవారిని పేరు పెట్టి నియమించాలని, ఎవరిని ఏ పని కోసం నియమించారో రిజిస్టరులో రాయాలని, పర్మిట్ గానీ సామర్థ్య ధ్రువపత్రం గానీ లేనివారిని అలా నియమించకూడదని ఆ నిబంధనల సారం. అంటే పర్మిట్ లేకుండా రిజిస్టరులోకి పేరు ఎక్కదు, రిజిస్టరులో పేరు లేకుండా ప్యానెల్ తెరవకూడదు. మీ పర్మిట్ గడువు ఎప్పటి వరకు ఉందో ఈరోజే తీసి చూడండి. ట్రంకు పెట్టెలో దాచిపెట్టి, గడువు దాటిన సంగతి ప్రమాదం జరిగాక తెలుసుకున్నవారిని చూశాను.

అనుమతి పత్రంలో ఏం ఉండాలి

"ఇతను మా ఎలక్ట్రీషియన్, అన్ని విద్యుత్ పనులూ చేస్తాడు" అని రాసిస్తే తీసుకోకండి. మీ పాలిట అది అతి ప్రమాదకరమైన కాగితం. హద్దు లేని అనుమతి ఉంటే ఏ తప్పు జరిగినా మీ మెడకే చుట్టుకుంటుంది, ఏ పనికైనా మిమ్మల్నే తోస్తారు. పత్రంలో మీ పేరు, పర్మిట్ నంబరు, దాని గడువు ఉండాలి. ఎన్ని వోల్టుల వరకు అన్నది అంకెల్లో రాయాలి. ఏ ప్యానెళ్లు, ఏ షెడ్లు అన్నది పేర్లతో రాయాలి: మెయిన్ ఎల్‌టీ ప్యానెల్, డ్రయర్ విభాగం, బాయిలర్ ఫీడ్ పంపు స్టార్టరు, ఇలా. ఏ పనులు చేయవచ్చో రాయాలి. ఏవి చేయకూడదో అంతకంటే స్పష్టంగా రాయాలి. అనుమతి ఎప్పటి వరకు చెల్లుతుందో తేదీ వేయాలి. ఏడాదికి మించి ఇవ్వకపోవడం మంచిది. ఇచ్చినవారి సంతకం, తీసుకున్న మీ సంతకం రెండూ ఉండాలి.

పనులను నాలుగు రకాలుగా విడదీయమని నేను సలహా ఇస్తాను. తోడుగా నిలబడి సాయం చేయడం మాత్రమే మొదటిది, హెల్పరుకు ఇంతవరకే. సరఫరా తీసేసిన పరికరం మీద మరమ్మతు చేయడం రెండోది. సరఫరా తీసి, తాళం వేసి, పరీక్షించి, ఇతరులకు "ఇక పని చేయండి" అని అప్పగించడం మూడోది. ఇది బాధ్యత ఎక్కువున్న పని, మిల్లులో ఇద్దరు ముగ్గురికి మించి ఇవ్వకూడదు. సరఫరా ఉన్నప్పుడే మీటరుతో కొలిచి లోపం వెతకడం నాలుగోది. మోటారు రీవైండింగ్‌లో ఆరితేరినవాడికి మూడో రకం అనుమతి దానంతటదే వచ్చేసినట్టు కాదు. నైపుణ్యం ఒకటి, ఐదుగురి ప్రాణాలను చేతిలో పెట్టుకునే క్రమశిక్షణ మరొకటి.

పత్రం రాసే ముందు మీ చేత చేయించి చూడమని మీరే అడగండి. కుర్చీలో కూర్చుని ప్రశ్నలు అడిగితే సరిపోదు. నిజమైన ప్యానెల్ ముందు నిలబెట్టి, ఒక ఫీడరును ఆపి, తాళం వేసి, సరఫరా లేదని నిరూపించమనాలి. షాక్ తగిలిన మనిషికి గుండె ఒత్తిడి ఇవ్వడం బొమ్మ మీద చేయించాలి. రంగులు సరిగా గుర్తుపట్టగలరా అని కంటి పరీక్ష చేయించాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మనిషి చేతికి కంట్రోల్ వైరింగ్ ఇవ్వకూడదు. ఈ లోపం ఉన్న చాలామందికి ఆ సంగతి తెలియదు కూడా.

సరఫరా తీయడం: ఇక్కడ తొందరపడవద్దు

స్విచ్ ఆపితే సరఫరా పోయినట్టు కాదు. ఈ వాక్యం అర్థం కావడానికి నాకు ఒక మనిషి చేయి కాలాల్సి వచ్చింది.

నేను సూపర్‌వైజరుగా ఉన్న ఒక మిల్లులో డిస్ట్రిబ్యూషన్ బోర్డు మార్చే పని పెట్టుకున్నాం. మెయిన్ ఆపాం. టెస్టరుతో చూశాం, వెలగలేదు. హెల్పరు కుర్రవాడు తీగలు విప్పడం మొదలుపెట్టాడు. పది నిమిషాల తర్వాత, కరెంటు పోయిందనుకుని జనరేటర్ ఆపరేటరు డీజీ స్టార్ట్ చేశాడు. చేంజోవర్ స్విచ్ సరిగానే ఉంది. కానీ అంతకుముందు సీజనులో ఎవరో జనరేటర్ నుంచి ఆఫీసు గదికి తాత్కాలికంగా లాగిన కేబుల్ ఒకటి అలాగే ఉండిపోయింది. అది మేము పనిచేస్తున్న బోర్డు మీదుగానే వెళ్తోంది. డ్రాయింగులో లేదు, ఎవరికీ గుర్తులేదు. కుర్రవాడు బతికాడు. అతని కుడిచేతి వేళ్లు రెండు ఇప్పటికీ వంగవు. మెయిన్‌కు ఆ రోజు నేను తాళం వేయలేదు, జనరేటర్ గదికి మనిషిని పంపలేదు. ఆ తప్పు నాది.

అందుకే ఏ పనికైనా మొదటి మెట్టు కాగితం మీద ఉంటుంది. ఈ పరికరానికి కరెంటు ఎన్ని దారుల్లో రావచ్చో రాయండి. లైన్, జనరేటర్, ఇన్వర్టర్, యూపీఎస్, పైకప్పు మీది సోలార్, పక్క ప్యానెల్ నుంచి వచ్చే కంట్రోల్ సరఫరా, ఎవరో ఎప్పుడో లాగిన తాత్కాలిక కేబుల్. తర్వాత వాటి వెంట నడిచి చూడండి.

రెండో మెట్టు: ఆ దారులన్నింటినీ ఆపండి. ముందు లోడు తగ్గించండి. నడుస్తున్న మోటార్లను వాటి స్టాప్ బటన్లతో ఆపాకే ఐసోలేటర్ లాగండి. జనరేటరును ఆటో నుంచి ఆఫ్‌కు మార్చి, బ్యాటరీ తీగ విప్పండి.

మూడో మెట్టు తాళం. పనిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ సొంత తాళం వేయాలి, తాళంచెవి ఎవరిది వాళ్ల జేబులోనే ఉండాలి. ఐదుగురు పనిచేస్తే ఐదు తాళాలు. అందుకు పనికొచ్చే, అనేక తాళాలు పట్టే కొక్కేలు మార్కెట్లో దొరుకుతాయి, ఖరీదు తక్కువే. మన దగ్గర పాత ప్యానెళ్లలో తాళం వేసే ఏర్పాటు ఉండదు. అప్పుడు కిట్‌క్యాట్ ఫ్యూజు క్యారియర్లు మూడూ పీకి మీ దగ్గరే పెట్టుకోండి, ప్యానెల్ తలుపుకు తాళం వేయండి, "మనుషులు పని చేస్తున్నారు, ఆన్ చేయవద్దు" అని తెలుగులో, హిందీలో రాసిన బోర్డు మీ పేరుతో, సమయంతో కట్టండి. హిందీలో ఎందుకంటే, మిల్లుల్లో పనిచేసేవారిలో బీహారు నుంచి వచ్చినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లు చదవలేని బోర్డు మిమ్మల్ని కాపాడదు.

నాలుగో మెట్టు: సరఫరా లేదని నిరూపించండి. స్క్రూడ్రైవర్ టెస్టరును దీనికి వాడకండి. నియాన్ బల్బు పాడైనా వెలగదు, మీరు ఎండిన చెక్క మీద నిలబడినా సరిగా వెలగదు, పగటి వెలుతురులో వెలిగినా కనిపించదు. రెండు కొనలున్న వోల్టేజ్ టెస్టరు గానీ, కనీసం క్యాట్ 3 (మీటరు భద్రతా తరగతి), 600 వోల్టుల రేటింగు ఉన్న మల్టీమీటరు గానీ వాడండి. ముందు దాన్ని కరెంటు ఉన్న చోట పెట్టి పనిచేస్తోందని చూడండి. తర్వాత మీరు ముట్టుకోబోయే చోట చూడండి: ఫేజుల మధ్య మూడు కొలతలు, ఫేజుకూ న్యూట్రల్‌కూ మూడు, ఫేజుకూ ఎర్త్‌కూ మూడు, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ ఒకటి. మొత్తం పది. మళ్లీ కరెంటు ఉన్న చోటికి వెళ్లి మీటరు ఇంకా బతికే ఉందని చూడండి. ఈ చివరి అడుగును అందరూ వదిలేస్తారు. మధ్యలో మీటరు పాడైనా, ప్రోబ్ తీగ లోపల తెగినా, అది చూపించే సున్నా ఉత్త సున్నా.

ఆ పదో కొలత, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్యది, ఎందుకో చెప్తాను. పాత భవనాల్లో రెండు సర్క్యూట్లకు ఒకే న్యూట్రల్ వాడేస్తారు. మీరు ఒక సర్క్యూట్ ఆపి దాని న్యూట్రల్ విప్పుతారు. రెండో సర్క్యూట్‌లో బల్బు వెలుగుతూనే ఉంటుంది. విప్పిన క్షణంలో ఆ బల్బు గుండా వచ్చిన 230 వోల్టులు మీ చేతిలోని నల్లతీగ మీద కూర్చుంటాయి. విప్పకముందు ఆ కొలత సున్నాకు దగ్గరగానే ఉండవచ్చు. కాబట్టి న్యూట్రల్ విప్పే ముందు క్లాంప్ మీటరుతో అందులో కరెంటు పారుతోందా అని చూడండి, విప్పిన వెంటనే మళ్లీ వోల్టేజీ కొలవండి. నల్లతీగ అని చేత్తో పట్టుకుని చనిపోయినవారు ఉన్నారు.

ఐదో మెట్టు నిల్వ ఉన్న కరెంటు. పవర్ ఫ్యాక్టర్ కెపాసిటర్ ప్యానెల్, వీఎఫ్‌డీ డ్రైవ్ (మోటారు వేగం మార్చే పరికరం) సరఫరా తీశాక కూడా చార్జు పట్టుకుని ఉంటాయి. 415 వోల్టుల డ్రైవ్ లోపల డీసీ బస్ దాదాపు 587 వోల్టులు. డ్రైవ్ మీద అంటించిన లేబుల్‌లో ఎన్ని నిమిషాలు ఆగాలో రాసి ఉంటుంది, అన్ని నిమిషాలూ ఆగండి. తర్వాత డీసీ రేంజిలో కొలవండి. కెపాసిటర్ కొనలను స్క్రూడ్రైవర్‌తో కలిపి "టప్" మనిపించే అలవాటు మానుకోండి. దానికి తగిన డిశ్చార్జ్ రెసిస్టరు ఉన్న కర్ర వాడండి. అంతా అయ్యాక, మళ్లీ ఏ దారిన కరెంటు వచ్చే అవకాశం ఉన్నా, పని చోట మూడు ఫేజులనూ కలిపి ఎర్త్ చేయండి.

ఇప్పుడు పని మొదలుపెట్టండి.

సరఫరా ఉండగా కొలవాల్సి వస్తే

లోపం వెతకడానికి ఒక్కోసారి కరెంటు ఉంచక తప్పదు. అది నాలుగో రకం అనుమతి ఉన్నవారి పని. కొలవడానికే, బిగించడానికి కాదు. వదులైన లగ్గు కనిపించింది కదా అని స్పానరు పెట్టకండి; ఆపి, తాళం వేసి, పైన చెప్పిన మెట్లన్నీ ఎక్కి రండి.

కింద ఇన్సులేటింగ్ మ్యాట్ ఉండాలి. మ్యాట్ అంటే ఆఫీసు గుమ్మంలో వేసే రబ్బరు చాప కాదు, ఐఎస్ 15652 గుర్తు ఉన్నది. చేతులకు క్లాస్ 0 గ్లౌజులు, 1000 వోల్టుల వరకు పనికొచ్చేవి, వాటి లేబుల్ ఎర్రగా ఉంటుంది. తొడుక్కునే ముందు ప్రతిసారీ మణికట్టు వైపు నుంచి చుట్టి గాలి బిగించి, ఎక్కడైనా బుసబుసమంటోందా అని చెవి దగ్గర పెట్టి వినండి. నూలు బట్టలు వేసుకోండి, పాలిస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఉంగరం, చేతి కడియం, మెడలో గొలుసు తీసేయండి. వెండి మొలతాడు కూడా. వంగినప్పుడు చొక్కా పైకి లేచి అది బస్‌బార్‌కు తగలడం ఊహకందని విషయమేమీ కాదు. పక్కన ఒక మనిషి ఉండాలి. అతనికి మెయిన్ ఎక్కడ ఆపాలో తెలిసి ఉండాలి, అతని చేతిలో ఫోను ఉండకూడదు.

బియ్యం మిల్లుల్లో మరో మాట. తవుడు, ఊక దుమ్ము ప్యానెళ్ల లోపల పేరుకుంటాయి. తేమ తగిలితే అదే దారిన కరెంటు పాకుతుంది, నిప్పురవ్వ పడితే అదే అంటుకుంటుంది. దాన్ని కంప్రెసర్ గాలితో ఊదకండి. ప్యానెల్ ఆపి వాక్యూమ్‌తో పీల్చండి.

ఎక్కడ ఆగాలి

మీ అనుమతి 415 వోల్టుల దగ్గర ఆగిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ అవతలి 11 కేవీ వైపు, యార్డులోని ఏబీ స్విచ్ (11 కేవీ లైను తెంచే స్విచ్), హెచ్‌టీ (హై టెన్షన్) మీటరు గది మీవి కావు. లైన్ వైపు పని అవసరమైతే దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ సిబ్బందికి చెప్పాలి, వాళ్లు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపామన్న అనుమతి) తీసుకుని చేస్తారు. "ఎల్‌సీ ఇచ్చారట" అని ఎవరో చెప్పిన మాట మీద మీరు నిచ్చెన ఎక్కవద్దు. ఎల్‌సీ ఎవరి పేరు మీద తీసుకున్నారో వాళ్లకే అది వర్తిస్తుంది.

ఊరి సంగతి కూడా చెప్పాలి. మీరు ఎలక్ట్రీషియన్ అని తెలిశాక సెలవు రోజున బావి దగ్గరికి పిలుస్తారు. "అన్నా, ఫ్యూజు పోయింది, వేసి పో" అంటారు. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె దగ్గరికి మీరు వెళ్లకండి, ఆ రైతునూ వెళ్లనివ్వకండి. స్టార్టరు డబ్బా వరకే అయినా, ఆటో స్టార్టరు ఉందేమో ముందు చూడండి. పోయిన కరెంటు వచ్చిన క్షణాన మోటారు దానంతటదే తిరగడం మొదలవుతుంది. పాలమూరు వైపు చలక నేలలు, రాతి నేలలు వేసవిలో ఎముకలా ఎండిపోతాయి. ఎర్త్ గుంతలో నీళ్లు పోయకపోతే ఆ ఎర్త్ పేరుకే ఉంటుంది. ఇనుప డబ్బా ముట్టుకునే ముందు దానికీ నేలకూ మధ్య వోల్టేజీ కొలవండి.

ఎవరికైనా షాక్ తగిలితే

ముందు సరఫరా ఆపండి. ఆపే వీలు లేకపోతే ఎండిన కర్రతోనో, ఎండిన ప్లాస్టిక్ కుర్చీతోనో మనిషిని తీగ నుంచి వేరు చేయండి. 108కి ఫోను చేయించండి. శ్వాస లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కండి. 30 సార్లకు 2 శ్వాసలు. ఊదడం రాకపోతే నొక్కడం మాత్రం ఆపకండి. లేచి కూర్చుని "ఏం కాలేదు" అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లి గుండె ఈసీజీ తీయించండి. ప్రమాదం గురించి విద్యుత్ ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలని విద్యుత్ చట్టం 2003లోని 161వ సెక్షన్ చెప్తుంది. ప్రాణం పోయిన సందర్భంలో 24 గంటల్లోపే తెలపాలి. ఆ చోటును కడిగి, తీగలు సర్దేయమని ఎవరైనా చెప్తే వినకండి.

పని ముగించేటప్పుడు

మనుషులను లెక్కపెట్టండి, స్పానర్లు లెక్కపెట్టండి. ఎర్త్ చేసిన తీగలు తీయండి. మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూడండి. ఎవరి తాళం వాళ్లే తీయాలి. డ్యూటీ దిగి ఇంటికి వెళ్లినవాడి తాళం మిగిలిపోతే అతనికి ఫోను చేసి పిలిపించండి, పగలగొట్టవద్దు. ఆ తర్వాతే సరఫరా ఇచ్చి, రిజిస్టరులో సమయం రాసి సంతకం పెట్టండి.

యజమాని అనుమతి పత్రం ఇవ్వకపోతే

చాలా మిల్లుల్లో ఇలాంటి పత్రం ఉంటుందని యాజమాన్యానికి తెలియదు, అంతే. అడిగితే ఇచ్చేవాళ్లే ఎక్కువ. తెల్లకాగితం మీద ఇలా రాసి ఇవ్వండి:

"అయ్యా, నేను మీ సంస్థలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్నాను. నా వైర్‌మన్ పర్మిట్ నకలు జతచేశాను. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం నన్ను ఏ ప్యానెళ్ల మీద, ఏ పనుల కోసం నియమించారో రాతపూర్వకంగా తెలిపి, రిజిస్టరులో నమోదు చేయగలరు. అలాగే తాళాలు, వోల్టేజ్ టెస్టరు, గ్లౌజులు, మ్యాట్ ఇప్పించగలరు. అప్పటి వరకు మెయిన్ ప్యానెల్‌లో సరఫరా ఉండగా చేసే పనులు చేపట్టలేనని మనవి."

రెండు ప్రతులు రాయండి. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో సంతకం వేయించుకుని ఇంట్లో పెట్టుకోండి, పర్మిట్ ఉన్న ట్రంకు పెట్టెలోనే.